జీతం తీసుకోని సేవకులకు చందా ఎందుకు?

"మీ కార్యకర్తలు జీతం తీసుకోరు కదా, మరి చందా దేనికి?" విరాళాల కోసం తిరిగే మాలాంటి సంస్థలకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. తానిచ్చిన రూపాయి ఎక్కడికి పోతుందో తెలుసుకోవడం దాత హక్కు. ఈసారి జవాబు మా సంస్థ సంగతులతో కాకుండా, బ్రిటన్ కొండల్లో పనిచేసే స్వచ్ఛంద రక్షక దళాల సంగతులతో చెబుతాం. చదువుకోసం, ఉద్యోగంకోసం మన పిల్లలు ఎందరో ఆ దేశంలో ఉన్నారు. సెలవు దొరికితే స్నోడన్ కొండకో, లేక్ డిస్ట్రిక్ట్‌కో బయలుదేరుతుంటారు. కాబట్టి ఇది మనకు మరీ దూరపు విషయం కాదు.

ఎత్తు తక్కువ, ప్రమాదం ఎక్కువ

బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన బెన్ నెవిస్ 1,345 మీటర్లు. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరమ కొండ సుమారు 1,680 మీటర్లు. అంటే అక్కడి కొండలు మరీ ఎత్తైనవేమీ కావు. అక్కడ ప్రాణాల మీదికి తెచ్చేది వాతావరణం. ఉదయం ఎండగా ఉన్న కొండను మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది. వానకు ఈదురుగాలి తోడవుతుంది. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. కాలు మడతపడి కదలలేని మనిషి తడిబట్టలతో గంటల తరబడి కూర్చుంటే ఒంట్లో వేడి పడిపోతుంది. ముందు వణుకు, తరువాత మాట తడబాటు, మగత, చివరికి స్పృహ తప్పడం. చిన్న దెబ్బే ప్రాణం తీస్తుంది.

పిలుపు అందితే

ఆపదలో ఉన్నవారు 999కి ఫోన్ చేసి, ముందు పోలీసులను, తరువాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. పోలీసులు ఆ ప్రాంతపు దళానికి కబురు పెడతారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి దళాలు నలభైకి పైగా ఉన్నాయి. వాటిలో 3,000 మందికి పైగా స్వచ్ఛంద సభ్యులున్నారు. వీళ్ళంతా ఎవరి వృత్తి వారు చేసుకునే మామూలు మనుషులే. సందేశం రాగానే భోజనం దగ్గరి నుంచైనా, నిద్రలోంచైనా లేచి వస్తారు.

దారి తప్పినవారి ఫోనుకు ఒక లింకు పంపుతారు. దాన్ని నొక్కితే వారున్న చోటు తెలుస్తుంది. సిగ్నల్ లేకపోతే జట్లుగా విడిపోయి గాలిస్తారు. గాలిలో మనిషి వాసన పసిగట్టే కుక్కలూ తోడుంటాయి. స్కాట్లాండ్‌కు చెందిన హమీష్ మకిన్నెస్ 1965లో ఇలాంటి కుక్కల కోసం ఒక సంఘాన్నే నెలకొల్పారు.

మనిషి దొరికాక నొప్పికి మందిచ్చి, విరిగిన ఎముకకు బద్దలు కట్టి, వెచ్చని సంచిలో చుడతారు. మబ్బు వల్ల హెలికాప్టర్ రాలేకపోతే స్ట్రెచర్ మీద మోసుకుంటూ దిగాల్సిందే. జారే రాళ్ళ మీద, చీకట్లో, భుజాలు మార్చుకుంటూ మోయడానికి చాలామంది కావాలి. ఇంత చేసి, కాపాడినవారి దగ్గర పైసా తీసుకోరు.

ఒక స్ట్రెచర్ వెనుక

ఈ సేవకు మూలం 1928 నాటి ఒక ప్రమాదం. లాడో రాక్స్ అనే చోట ఒక యువకుడు పడి తొడ విరగ్గొట్టుకున్నాడు. దగ్గర సరైన స్ట్రెచర్ లేదు, నొప్పికి మందూ లేదు. తోటివారు దొరికిన వాటితోనే మంచె కట్టి మోసుకొచ్చారు. మాంచెస్టర్ సర్జన్ విల్సన్ హే చివరికి ఆ కాలు తీసేయవలసి వచ్చింది. పడడం కన్నా, మందు లేకుండా మోసుకొచ్చిన ఆ ప్రయాణమే ఎక్కువ చెరుపు చేసిందని ఆయన గ్రహించారు.

1932లో పర్వతారోహణ సంఘాలు స్ట్రెచర్ కోసమే ఒక కమిటీ వేశాయి. యూస్టేస్ థామస్ రూపొందించిన స్ట్రెచర్ అలా వాడుకలోకి వచ్చింది. చట్టం ఒప్పుకోకపోయినా డాక్టర్ హే కొండ రక్షణ కేంద్రాలకు మార్ఫిన్ అందిస్తూ వచ్చారు. అందుకు 1949లో కోర్టు ఆయనకు 10 పౌన్ల జరిమానా వేసింది. ఆ తరువాత ప్రభుత్వమే ఆ మందు ఉంచుకోవడానికి అనుమతిచ్చింది.

ఆ యువకుడి దగ్గర మంచి మనసున్నవారికి కొదవలేదు. లేనిదల్లా సామగ్రి.

చందా ఎక్కడికి పోతుంది?

ఈ దళాలు ప్రధానంగా ప్రజల విరాళాల మీదే నడుస్తాయి. తాడు తెగేదాకా వాడరు. గడువు తీరితే, ఒక్కసారీ వాడకపోయినా మార్చాలి. మందులకూ గడువుంటుంది. వాకీటాకీలకు బ్యాటరీలు, వాహనానికి డీజిలు, మరమ్మతులు, బీమా, సామాను పెట్టుకునే షెడ్డు, ఏడాది పొడవునా శిక్షణ కావాలి. ఇవేవీ ఫోటోలో కనిపించవు. కానీ వీటిలో ఏది లేకపోయినా ఆ రాత్రి కొండ మీది మనిషి కిందికి రాడు. సేవకుడు తన సమయం ఇస్తాడు. ఆ సమయం పనికి వచ్చేలా చేసేది దాత.

మీకు రెండు విన్నపాలు. బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలకు 999 సంగతి చెప్పండి. ఫోను పనిచేయకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలని కూడా చెప్పండి. ఇక ఏ సేవాసంస్థ జమాఖర్చుల్లోనైనా, మా వాటిలోనైనా, 'మరమ్మతు', 'శిక్షణ', 'బీమా' అన్న పద్దులు కనబడితే అవి వృథా ఖర్చులని అనుకోకండి. అవసరం ఎంతో అడగండి, లెక్క చూడండి, సబబనిపిస్తే ఆ పద్దుకే ఇవ్వండి. ఆపద లేని రోజున ఇచ్చిన చందాయే ఆపద వచ్చిన రాత్రి అక్కరకొస్తుంది.