గణితవిదుషి షార్లెట్ స్కాట్

గణితశాస్త్రము ఆడుపిల్లలకు అక్కఱలేదని తలంచు తలిదండ్రులు నేటికిని కొందఱు కలరు. వారితో వాదించుటకంటె ఒక స్త్రీ చరిత్రమును చెప్పుట మేలు.

షార్లెట్ ఏంగస్ స్కాట్ 1858 వ సంవత్సరము జూన్ 8 వ తేదీన ఇంగ్లండు దేశమందలి లింకన్ పట్టణమున జన్మించెను. ఆమె తండ్రి కేలబ్ స్కాట్ కాంగ్రిగేషనల్ సంఘబోధకుడు. తరువాత మాంచెస్టరులోని లాంకషైర్ ఇండిపెండెంట్ కళాశాలకు అధ్యక్షుడయ్యెను. ఆ కాలమున బాలికలకు మంచి ఉన్నత పాఠశాలలు మిక్కిలి అరుదు. తండ్రి ఇంటియొద్దనే ఉపాధ్యాయులను నియమించి కుమార్తెకు చదువు చెప్పించెను. 1876 లో ఆమె విద్యార్థివేతనము పొంది, స్త్రీలకై కేంబ్రిడ్జియందు నెలకొల్పబడిన గర్టన్ కళాశాలలో చేరెను.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితమునకు ట్రైపాస్ అను కఠిన పరీక్ష కలదు. అందు మొదటి తరగతిలో నెగ్గినవారిని రాంగ్లర్లందురు. ఆ కాలమున స్త్రీలకు ఆ పరీక్ష వ్రాయు హక్కు లేకుండెను; పరీక్షకులు దయతలచి అనుమతించిననే వ్రాయవలసియుండెను. షార్లెట్ అట్టి అనుమతి పొంది, 1880 జనవరిలో పురుషులు వ్రాసిన ప్రశ్నపత్రములనే వ్రాసి, ఎనిమిదవ రాంగ్లరుతో సమానముగా నిలిచెను. అయినను ఆమె పేరు పట్టికలో చేర్చబడలేదు. ఫలితములు చదువు సభకు ఆమెకు ప్రవేశమును లేకపోయెను. అయితే ఎనిమిదవ పేరు చదువు సమయమునకు సభలోని విద్యార్థులు స్కాట్ పేరునే బిగ్గఱగా కేకవేసి, తమ టోపీలను పైకెత్తి ఊపిరి. ఆ వార్త దేశమంతట వ్యాపించెను. మఱుసటి యేట, అనగా 1881 లో, ఈ పరీక్షలను వ్రాయు హక్కును విశ్వవిద్యాలయము స్త్రీలకిచ్చెను. పట్టమును మాత్రము ఇయ్యలేదు. కావున ఆమె లండన్ విశ్వవిద్యాలయమునకు పరీక్షలు వ్రాసి 1882 లో బి.యస్‌సి., 1885 లో డి.యస్‌సి. పట్టములను గడించెను.

ఆమె యభ్యసించిన శాస్త్రమునకు బీజీయ రేఖాగణితమని పేరు. మన విద్యార్థులు బీజగణితమును, రేఖాగణితమును వేర్వేరు పాఠములుగా చదువుదురు. ఈ శాస్త్రమున ఆ రెండును ఒకటియగును. గళ్ల కాగితముపై అడ్డముగా నొక గీతను, నిలువుగా నొక గీతను గీయుడు. అవి కలియు చోటునుండి అడ్డముగా 3 గళ్లు, నిలువుగా 4 గళ్లు పోయి చుక్క పెట్టుడు. 3 యొక్క వర్గము 9, 4 యొక్క వర్గము 16, మొత్తము 25. ఇట్లు రెండు దూరముల వర్గముల మొత్తము 25 అగు బిందువులనన్నిటిని గుర్తించినచో, 5 గళ్ల వ్యాసార్థముగల వృత్తమేర్పడును. అనగా నొక సమీకరణమే యొక ఆకారమైనది.

ఇక రెండు వక్రరేఖలు ఎన్నిచోట్ల ఖండించుకొనును? వాని సమీకరణముల ఘాతములను గుణించి చెప్పవచ్చును. సరళరేఖ మొదటి ఘాతము, వృత్తము రెండవ ఘాతము. కనుక రెండు బిందువులు. మూడవ ఘాతముగల రెండు వక్రరేఖలకు తొమ్మిది బిందువులు. కంటికి కనబడని కల్పిత బిందువులను, అనంతదూరమందలి బిందువులను కూడ లెక్కింపవలెను; రేఖలు తాకిపోవు చోటును ఒకటికంటె నెక్కువగా లెక్కింపవలెను. ఆ బిందువులన్నిటిగుండ మూడవ వక్రరేఖ యొకటి పోయినచో, దాని సమీకరణమును మొదటి రెండింటినుండి కూర్పవచ్చునా? ఎట్టి నిబంధనలతో కూర్పవచ్చునో జర్మను పండితుడైన మాక్స్ నోథర్ 1873 లో తెలిపెను. ఆ సిద్ధాంతమునకు స్కాట్ రేఖాగణితమార్గమున నొక నిరూపణము కనుగొని, 1899 లో జర్మనీదేశపు ప్రసిద్ధ గణితపత్రికయందు ప్రకటించెను.

1885 లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, క్వేకరు సంఘమువారి పూనికతో బ్రిన్ మార్ అను స్త్రీల కళాశాల తెఱువబడెను. స్కాట్ అచ్చటి గణితశాఖకు మొదటి అధిపతియై సుమారు నలువది యేండ్లు బోధించెను. ప్రవేశపరీక్షలో గణితమును సడలింపరాదని ఆమె పట్టుదల. స్త్రీలకు తేలికపాఠమిచ్చుట వారిని గౌరవించుట కాదని ఆమె యెఱుగును. ఆమెయొద్ద ఏడుగురు పరిశోధనచేసి డాక్టరు పట్టము పొందిరి. 1894 లో సమతల రేఖాగణితముపై గ్రంథము ప్రకటించెను. అమెరికా గణితసంఘమునకు ఉపాధ్యక్షురాలయ్యెను. ఇంతలో చెవులు క్రమముగా వినబడకపోయెను, కీళ్లవాతము బాధించెను. వైద్యుల సలహాపై తోటపని చేపట్టి చేమంతులు పెంచెనేగాని బోధన మానలేదు. విరమించు సమయము వచ్చినను, తనకడనున్న కడపటి శిష్యురాలి పరిశోధన ముగియువఱకు నొక సంవత్సరము నిలిచి, 1925 లో కేంబ్రిడ్జికి మఱలెను. 1931 నవంబరు 10 వ తేదీన అచ్చటనే మరణించెను. కేంబ్రిడ్జి స్త్రీలకు పట్టములిచ్చుట 1948 లో, అనగా ఆమె పరీక్ష వ్రాసిన 68 యేండ్లకు గాని జరుగలేదు.

ఆమె పాటు వృథ కాలేదు. మాక్స్ నోథర్ కుమార్తె ఎమ్మీ నోథర్ గొప్ప గణితవేత్త. యూదురాలగుటచే 1933 లో నాజీ ప్రభుత్వమువారు ఆమెను ఉద్యోగమునుండి తొలగింపగా, బ్రిన్ మార్ కళాశాల ఆమెకు ఆశ్రయమిచ్చెను. 1935 లో మరణించువఱకు ఆమె యచ్చటనే పాఠములు చెప్పెను. తండ్రి సిద్ధాంతమును నిరూపించిన స్త్రీ నిలిపిన గణితశాఖయే కుమార్తెకు నీడయైనది.

తలిదండ్రులారా, తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని ఉపమానమును మీరెఱుగుదురు. మీ కుమార్తె చేతిలోని లెక్కలపుస్తకమును మూయింపకుడు. బాలికలారా, కఠినమైన లెక్క వచ్చినపుడు తేలికదానిని అడుగక, దానినే మఱియొకసారి మొదటినుండి చేయుడు.