హిమానీనదాల బాటలో

కెనడా పశ్చిమ భాగాన రాకీ పర్వతశ్రేణి నడుమ లేక్ లూయిస్ నుండి జాస్పర్ పట్టణం వరకు ఒక రహదారి ఉన్నది. దాని పేరు ‘ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే’. పొడవు సుమారు 230 కిలోమీటర్లు. ఆర్థికమాంద్య కాలంలో నిరుద్యోగులకు పని కల్పించేందుకు 1931లో ఆరంభించిన ఈ మార్గాన్ని 1940లో ప్రజలకు తెరిచారు.

వేసవిలో యాత్రికులనేకులు వంటగది, పడకలు అమర్చిన కారవాన్‌లలో ఈ దారిన పయనిస్తారు. పగలు పర్వతశోభను తిలకించి, రాత్రి నిర్ణీత విడిదిస్థలాలలో బస చేస్తారు. దారిలో ఊళ్లు లేనందున ఇంధనం, ఆహారం ముందే సమకూర్చుకోవాలి.

ఈ మార్గంలోని పేటో సరస్సు నీలాకుపచ్చని కాంతితో మెరుస్తుంది. హిమానీనదం కదిలేటప్పుడు అడుగునున్న శిలలు ఒరుసుకొని మెత్తని పొడి అవుతాయి. కరిగిన నీటితో సరస్సును చేరి తేలియాడే ఆ పొడి సూర్యకాంతిని వెదజల్లడమే ఆ వర్ణానికి కారణం.

మరికొంత దూరం సాగితే కొలంబియా హిమక్షేత్రం వస్తుంది. దీని నీరు పసిఫిక్, ఆర్కిటిక్ మహాసముద్రాలను, హడ్సన్ అఖాతాన్ని చేరుతుంది. ఇక్కడి నుండి దిగివచ్చే అథబాస్కా హిమానీనదం రహదారి నుండే కనిపిస్తుంది. వాతావరణం వేడెక్కుతున్నందున అది గత 125 సంవత్సరాలలో 1.5 కిలోమీటర్లకు పైగా వెనుకకు తగ్గింది; తన పరిమాణంలో సగాన్ని కోల్పోయింది. ఏ సంవత్సరంలో మంచు అంచు ఎక్కడ ఉండేదో తెలిపే ఫలకాలు కాలిబాట వెంట ఉన్నాయి. వాటిని దాటుతూ మంచును చేరే యాత్రికుడు, ఒకనాడు మంచు కప్పిన నేలపైనే నడుస్తున్నాడు. సౌందర్యాన్ని చూడవచ్చినవారికి ఆ ఫలకాలు కర్తవ్యాన్ని బోధిస్తున్నాయి.