మఖ్దూం మిత్రుడు డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్

సెప్టెంబరు 17 దగ్గరపడుతుందంటే నాకు కొంచెం బెరుకు. ఆ రోజు గురించి తరగతిలో చెప్పేటప్పుడు రజాకార్ల మాట రాక తప్పదు. రాగానే వెనక బెంచీలో కూర్చున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు తల దించుకుంటారు. కిందటేడు ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు పాఠం అయ్యాక వరండాలో నా వెంటబడి, "సార్, అప్పుడు మనోళ్లంతా నిజాం దిక్కేనా?" అని అడిగాడు. వాడికి ఒక డాక్టరు కథ చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. మన దాతలలో పెద్దవారు కొందరికి ఇది తెలిసిన సంగతే అయినా, పిల్లలకు చెప్పేవారు తగ్గిపోతున్నారు.

రాజ్ బహదూర్ గౌర్ 1918 జూలై 21న హైదరాబాదులో ఒక హిందూ కుటుంబంలో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిందీ ఆ సంవత్సరమే. ఆయన ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివారు. ఆ రోజుల్లో ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగేది. పాఠ్యపుస్తకాల కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే పెట్టారు. డాక్టరు చదువు దేశభాషలో సాధ్యం కాదనే వారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. కాకపోతే తెలుగు మాట్లాడే రైతు బిడ్డకు ఉర్దూ కూడా దూరపు భాషేనన్న మాటనూ మనం ఒప్పుకోవాలి.

డాక్టరు పట్టా ఉంటే ఆ కాలంలో హైదరాబాదులో దర్జాగా బతకవచ్చు. గౌర్ గారు ఆ దారిన స్థిరపడలేదు. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన కవి మఖ్దూం మొహియుద్దీన్, ఆలం ఖుంద్‌మీరీ, జవాద్ రజ్వీ వంటి వారితో కలిసి కామ్రేడ్స్ అసోసియేషన్‌లో పనిచేశారు. ఈ పేర్లు చదివితే పిల్లవాడి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. తర్వాత 1946లో ఏర్పడిన ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌లో మఖ్దూంతో పాటు ముందు నిలిచారు.

అప్పటికి మన నల్లగొండ జిల్లా ఉడికిపోతోంది. దొరల గడీలకు కూలి లేకుండా చేసే వెట్టి అన్ని కులాలనూ పీడించింది. విసునూరు దేశ్‌ముఖ్ చేతిలోనే నలభై వేల ఎకరాలు ఉండేవంటారు. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతు తన కొద్దిపాటి భూమి కోసం ఆ దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుకెక్కాడు. కేసు గెలిచాడు, 1941లో హత్యకు గురయ్యాడు. 'మా భూమి' నాటకానికి ప్రేరణ ఆయన కథే. అయిదేళ్ల తర్వాత, 1946 జూలై 4న, కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. అక్కడి నుంచి పోరాటం ఆయుధాల దాకా వెళ్ళింది.

వెట్టి చేసి వెన్ను విరిగినవాడికి డాక్టరు ఏం రాసిస్తాడు? పాలూ పండ్లూ తిను, విశ్రాంతి తీసుకో అంటాడు. ఆ రెండూ దొర చేతిలోనే ఉన్నాయి. గౌర్ గారు అలాగే ఆలోచించారో లేదో గాని, ఆయన దారి చూస్తే నాకు ఈ మాటే తోస్తుంది. నిజాం ప్రభుత్వ కాలంలోనూ, ఆ తర్వాతా ఆయన జైలూ అజ్ఞాతవాసమూ రెండూ చూశారు.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత జరిగినది మన ఇళ్లలో ఇంకా నెమ్మదిగానే మాట్లాడుకుంటారు. సుందర్‌లాల్ కమిటీ అంచనాలో మృతుల సంఖ్య వేలల్లో ఉంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. అంతకు కొద్ది రోజుల ముందే, ఆగస్టులో, రజాకార్ల ఆగడాలను ఖండిస్తూ రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదులో చంపేశారు. ఆయనా ముసల్మానే. పిల్లవాడికి ఈ పేరు చెప్పినప్పుడు, నోటుబుక్కులో రాసుకుంటానన్నాడు.

పోలీసు చర్య తర్వాత కూడా తుపాకులు దించలేదు. అది అవసరమా కాదా అని పార్టీలోనే తగవు నడిచింది. రావి నారాయణరెడ్డి గారు ఆపాలన్నారు. నేను ఆయన పక్షమే. 1949లో జాగీర్దారీ రద్దయింది, 1950లో కౌలు చట్టం వచ్చింది. ఇవి పోరాటం వల్లే వచ్చాయని కొందరు, ఎలాగూ వచ్చేవేనని కొందరు అంటారు. పోరాటం లేకుండా అంత త్వరగా వచ్చేవని నేననుకోను. కానీ ఆ చివరి మూడేళ్లలో పోయిన ప్రాణాలను ఏ చట్టం కింద లెక్క కట్టాలో తెలియదు. చివరికి 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

మరుసటి ఏడు ఎన్నికలొచ్చాయి. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. మఖ్దూం మన పక్కనే ఉన్న హుజూర్‌నగర్ నుంచి ఉప ఎన్నికలో శాసనసభకు వెళ్లారు. సరోజినీ నాయుడు కుమారుడు, హోమియో వైద్యుడు డాక్టర్ జయసూర్య అదే ఫ్రంటు తరఫున మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. గౌర్ గారు రాజ్యసభకు వెళ్లి 1962 దాకా ఉన్నారు. పార్లమెంటు తర్వాత కార్మిక సంఘాలూ ఉర్దూ భాషా ఆయన జీవితమయ్యాయి. అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూకు నాయకత్వం వహించారు. ఉర్దూ ముస్లింల భాష మాత్రమే అనేవారికి ఆయన్ను చూపిస్తే చాలు.

2011 అక్టోబరు 7న, తొంభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. హైదరాబాదులో ఆయన ఇంటి పేరు 'చంబేలీ కా మండ్వా', అంటే మల్లె పందిరి. 1969లో పోయిన స్నేహితుడు మఖ్దూం రాసిన ఒక కవితలోంచి ఆ పేరు తీసుకున్నారు. ఆ కవిత శీర్షిక 'చారాగర్'. ఉర్దూ రానివారి కోసం చెబుతున్నాను, ఆ మాటకు అర్థం వైద్యం చేసేవాడు అని.