సెలీనియం మాత్రలు, రక్త క్యాన్సర్: దాతలు తెలుసుకోవలసిన సంగతి

రక్త క్యాన్సర్ వచ్చిన వారి ఇళ్లలో డాక్టరు రాసిన మందుల పక్కనే సెలీనియం మాత్రల డబ్బా ఒకటి కనిపిస్తోంది. ఫోన్‌లో వచ్చిన సందేశం చూసి కొందరు, బంధువులు చెప్పారని కొందరు కొంటున్నారు. ఆ బిల్లు చివరికి దాతల దగ్గరికి కూడా వస్తుంది. కాబట్టి అందులో నిజమెంతో చూద్దాం.

బడిలో పిల్లలకు మూలకాల పట్టికలో గంధకం కింద గడిలో చూపించే 34వ మూలకమే సెలీనియం. 1817లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ దీన్ని కనుగొని, గ్రీకు భాషలోని చంద్రుడి పేరు పెట్టాడు. కణాలను దెబ్బతినకుండా కాపాడే కొన్ని ఎంజైములు తయారు కావాలంటే మన ఒంటికి ఇది కావాలి. అయితే రోజుకు 40 నుంచి 55 మైక్రోగ్రాములు చాలు. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం మైక్రోగ్రాము. చేపలు, గుడ్లు, మాంసం, గోధుమలు, పప్పులు తినేవారికి మామూలుగా తిండిలోనే అందుతుంది.

మరి క్యాన్సర్‌తో దీనికి సంబంధం ఎలా వచ్చింది? ప్రయోగశాలలో ఎక్కువ మోతాదు సెలీనియం తగిలిన లుకేమియా కణాలు చనిపోయాయి. లింఫోమా రోగుల్లో రక్తంలో సెలీనియం తక్కువగా ఉన్నవారికి చికిత్స ఫలితం కూడా తక్కువగా ఉన్నట్లు కొన్ని పరిశీలనల్లో కనిపించింది. కానీ జబ్బు ముదిరిన మనిషి సరిగా తినలేడు, అందువల్ల కూడా సెలీనియం తగ్గుతుంది. కీమోతో పాటు సెలీనియం ఇచ్చి చూసిన ప్రయోగాలు చిన్నవి. వాటిని బట్టి చికిత్సలో చేర్చేంత రుజువు దొరకలేదు. వేరే క్యాన్సర్ మీద మాత్రం పెద్ద పరీక్షే జరిగింది. ప్రోస్టేట్ క్యాన్సర్ రాకుండా ఆపుతుందేమోనని 2001 నుంచి 35 వేల మందికి పైగా మగవారితో సాగిన ఆ అధ్యయనంలో మాత్రలను, ప్రయోజనం లేదని 2008లో ఆపేశారు.

"పోనీ, బలానికేగా, నష్టమేముంది?" అంటారు. దీనికి జవాబు మన తెలుగువాడి చరిత్రలోనే ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. అది రక్తం పట్టడానికి మంచి విటమిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ జాతి పదార్థాలను లుకేమియా రోగులకు ఇస్తే జబ్బు ఇంకా వేగం పుంజుకున్నట్లు కనిపించింది. అప్పుడు ఆ విటమిన్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి, కొంతకాలమే అయినా, జబ్బు తగ్గింది. దాని తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది. ఆరోగ్యవంతుడికి మేలు చేసే విటమిన్ అక్కడ జబ్బు కణాలకు మేత అయింది!

సెలీనియం కూడా ఫోలిక్ ఆమ్లంలాగే చేస్తుందని నేను అనడం లేదు. కానీ రోజుకు 400 మైక్రోగ్రాములు దాటి చాలాకాలం వాడితే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసెక్కుతాయి, ఊపిరి వెల్లుల్లి వాసన వేస్తుంది. కీమోలో ఉన్నవారు వాటిని మందు ప్రభావమే అనుకుంటారు. 2008లో అమెరికాలో తయారీ పొరపాటు వల్ల సెలీనియం మితిమీరిన ఒక టానిక్ తాగి 200 మందికి పైగా జబ్బుపడ్డారు. మూలుగకు వచ్చే మైలోమాకు ఇచ్చే బోర్టెజోమిబ్ అనే మందునైతే గ్రీన్ టీలోని పదార్థమే అడ్డుకుంటుందని ప్రయోగశాలలో తేలింది. అందుకే ఏ మాత్ర వాడుతున్నా డాక్టరుకు చూపించాలి. రక్తపరీక్షలో లోటు కనిపించి డాక్టరే సెలీనియం రాస్తే అది వేరే సంగతి, ఆ బిల్లు ఇవ్వవలసిందే.

అసలు మందుల సంగతికొస్తే, ఒక రకం లుకేమియాకు వాడే ఇమాటినిబ్ మాత్ర ఒకప్పుడు నెలకు లక్ష రూపాయలు దాటేది. మన దేశపు కంపెనీలు, వాటిలో హైదరాబాద్ నాట్కో ఒకటి, తయారుచేశాక ధర బాగా దిగింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పుతో ఆ దారి నిలిచింది. ఈ మాత్ర రోజూ వేసుకోవాలి, ఒంట్లో బాగుందని మానకూడదు.

హైదరాబాద్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీ కింద చికిత్స దొరుకుతుంది. ఆరోగ్యశ్రీలోకి రానివి అశ్వారావుపేట నుంచి నెలల తరబడి తిరిగే బస్సు చార్జీలు, తోడు వెళ్లిన తల్లి భోజనం, పోయిన కూలి. చికిత్స మధ్యలో మానేసేది ఎక్కువగా అక్కడే. ఆ డబ్బాకు పెట్టే సొమ్ము అటు మళ్లిస్తే మంచిది. ఇంకొకటి ప్లేట్‌లెట్లు. అవి అయిదారు రోజులకు మించి నిల్వ ఉండవు, కాబట్టి ఇచ్చే మనిషి అప్పటికప్పుడు కావాలి. హైదరాబాద్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన ఊరి పిల్లల పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఫోన్ నంబర్లు వారినడిగి ఒక పుస్తకంలో రాసి సంఘం ఆఫీసులో ఉంచుదాం.