ఫైర్‌వాల్ జ్ఞాపకశక్తి – రెండు గేట్‌వేల చిక్కు

పరస్పర విశ్వాసమే పునాదిగా కొలదిమంది పరిశోధకుల నడుమ పెరిగిన ఇంటర్నెట్టునకు కాపలా యొకటి కావలెనన్న సంగతి, 1988 నవంబరు 2వ తేదీన కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మారిస్ విడిచిన ప్రోగ్రాము వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసిన పిదపగాని లోకమునకు గట్టిగా తెలిసిరాలేదు. మరుసటి సంవత్సరమే డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థకు చెందిన జెఫ్రీ మోగల్, గేట్‌వే యంత్రము ప్యాకెట్లను వడగట్టు విధానమును వివరించుచు వ్యాసము ప్రకటించెను. ఆ తొలితరపు ఫైర్‌వాల్ ప్రతి ప్యాకెట్టుపైనున్న చిరునామాలను, పోర్టు సంఖ్యను చూచి పోనిచ్చుటయో ఆపుటయో చేసెడిది. అంతకుముందు క్షణమున ఏమి పోయినదో దానికి తెలియదు. 1994లో ఇజ్రాయెల్‌కు చెందిన చెక్ పాయింట్ సంస్థ వెలువరించిన ఫైర్‌వాల్-1, ఏ సంభాషణ ఎవరి నడుమ ఆరంభమైనదో పట్టికలో వ్రాసికొని, దానికి చెందిన ప్యాకెట్లనే అనుమతించు జ్ఞాపకశక్తిని ఈ యంత్రమునకు ప్రసాదించెను.

ఆ గుణమే రెండు లైన్లు గల నెట్‌వర్కులలో చిక్కై పరిణమించెను. ఒక లైను తెగినను పని నిలువరాదని సంస్థలు ఇద్దరు ప్రొవైడర్లను ఆశ్రయించి, లైనునకొక ఫైర్‌వాల్ నిలిపినపుడు, సర్వరునకు మొదటి లైనుపై 203.0.113.10, రెండవదానిపై 198.51.100.10 అని రెండు చిరునామాలు ఏర్పడును గాని, డిఫాల్ట్ గేట్‌వే మాత్రము మొదటిదే యుండును. రూటింగు పట్టిక సాధారణముగా ప్యాకెట్టు చేరవలసిన చోటునే చూచును గాని, బయలుదేరిన చిరునామాను చూడదు గనుక, రెండవ లైనున వచ్చిన, సంభాషణ నారంభింపగోరు సిన్ ప్యాకెట్టునకు జవాబైన సిన్-యాక్ మొదటి లైనున వెడలును. ఆ సిన్ ప్యాకెట్టు నెన్నడును చూచి యెరుగని అచ్చటి ఫైర్‌వాల్ ఈ జవాబును పారవేయును. అది విడిచినను ప్రొవైడరు విడువకపోవచ్చును. దొంగ చిరునామాలతో జరుగు దాడుల నరికట్టుటకై 2000 మే నెలలో వెలువడిన ఇంటర్నెట్టు మార్గదర్శక పత్రము ఆర్‌ఎఫ్‌సీ 2827, తన వినియోగదారునకు చెందని చిరునామాతో బయలుదేరు ప్యాకెట్టును ఆపుమనియే ప్రొవైడర్లకు ఉపదేశించినది.

అపుడు లైట్లన్నియు వెలుగుచునే యుండును, లోపలినుండి పింగ్ పోవుచునే యుండును. బయటివానికి మాత్రము టైమ్ అవుట్. రెండు ఇంటర్‌ఫేసులపైనను ఒకేమారు, ప్యాకెట్ల రాకపోకలను చూపు టీసీపీడంప్ ఉపకరణమును నడిపి చూచిన అడ్మినిస్ట్రేటరునకు, సిన్ ఒకదానిపైనను సిన్-యాక్ మరొకదానిపైనను కనబడుటతో గుట్టు బయటపడును. విరుగుడు 1999నాటి లినక్స్ 2.2 కెర్నెల్‌లోనే కలదు: అలెక్సీ కుజ్నెత్సోవ్ సమకూర్చిన పాలసీ రూటింగు ననుసరించి లైనునకొక పట్టిక వ్రాసి, 198.51.100.10 నుండి బయలుదేరునవి రెండవ గేట్‌వేకే పోవలెనని ‘ఐపీ రూల్’ కమాండుతో నియమించినచో, జవాబు వచ్చిన దారినే మరలును. 2004 మార్చిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3704 సైతము, ఇట్టి నెట్‌వర్కుల విషయమున వడపోతను ఎట్లు నడుపవలెనో విచారించినది.

కావున రెండవ లైను కొన్నవారు రెండవ రూటింగు పట్టికయు వ్రాసికొనవలెను. జవాబు రాలేదని విసిగి ఫైర్‌వాల్‌నే ఆపివేయుట, ప్రొవైడరు వడపోతను తొలగింపజాలదు గనుక, చిక్కును దీర్చకపోగా ఉన్న రక్షణను గూడ పోగొట్టును.