ట్యాంకు అంటే ఏమిటి?

ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం ఉన్నది: "ది ట్యాంక్ ఈజ్ ఫుల్." ట్యాంకు నిండింది అని దీని అర్థం. మరి ఏ ట్యాంకు నిండింది?

కడప జిల్లా బద్వేలులో బస్సు డ్రైవరు ఈ మాట అన్నాడనుకోండి. బస్సులో డీజిలు నిండుగా ఉన్నదన్నమాట. మిద్దె మీది నుంచి ఎవరైనా అంటే, ఇక మోటారు ఆపవచ్చునన్నమాట. అదే వాక్యాన్ని నీటిపారుదల ఇంజనీరు తన కాగితాలలో రాస్తే, ఏకంగా బద్వేలు పెద్దచెరువే నిండిందన్నమాట! రైతులు నారు పోసుకోవచ్చును. మాట ఒక్కటే, అర్థానికీ అర్థానికీ ఎంత తేడా ఉన్నదో చూశారా?

ఇంగ్లండులో పుట్టిన పిల్లవాడికి ఈ మూడో అర్థం ఒక పట్టాన తోచదు. అక్కడ ఏడాది పొడుగునా ఏదో ఒక వాన పడుతూనే ఉంటుంది. నీటి గుంట అయితే "పాండ్" అంటారు, సరస్సు అయితే "లేక్" అంటారు. మన చెరువు ఈ రెండూ కాదు. కొద్ది నెలలు మాత్రమే కురిసే వానను పట్టి, తక్కిన నెలలకు దాచుకునేందుకు మనుషులు కట్టినది చెరువు. దానికి కట్ట ఉంటుంది. పొలాలకు నీరు వదలడానికి తూము ఉంటుంది. ఎక్కువైన నీరు పొర్లి పోవడానికి అలుగు ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళకు ఇటువంటి సాగునీటి చెరువులు అలవాటు లేవు. అందుచేత ఇక్కడ విన్న మాటనే వాడుకున్నారు.

ఆ మాట ఎక్కడిది? గుజరాతీలో, మరాఠీలో నేలలో కట్టిన నీటితొట్టిని టాంకు, టాంకే అంటారు. పోర్చుగీసులో "టాంకె" అన్నా నీళ్ళు నిలవ చేసే చోటే. ఈ రెండు దారులా వచ్చి కలిసిన మాటే ట్యాంకు అని నిఘంటువులు చెబుతున్నవి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ కట్టను "ట్యాంక్‌బండ్" అంటారు గదా! దాని అర్థం "చెరువుకట్ట", అంతే.

బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్ళ ఉన్నది. అక్కడ భైరవుని గుడి ముందున్న రాళ్ళ మీద ఒక సంస్కృత శాసనం చెక్కి ఉన్నది. ఇంగ్లీషు పుస్తకాలలో దాని పేరు "పోరుమామిళ్ళ ట్యాంక్ ఇన్‌స్క్రిప్షన్". ఆ పేరు చూసి, విజయనగర రాజుల దగ్గర యుద్ధపు ట్యాంకులు ఉండేవి కాబోలు అనుకునేరు! అది చెరువు శాసనం. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ, 1369లో ఈ చెరువు కట్టించి దానికి అనంతరాజసాగరమని పేరు పెట్టాడు. 1000 మంది కూలీలు, రాళ్ళు తోలడానికి 100 బండ్లు, 2 సంవత్సరాల పని! చెరువు ఇప్పటికీ ఉన్నది.

అంతకన్న విలువైన సంగతి మరొకటి ఉన్నది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ ఆ శాసనం వరసగా చెబుతుంది. దోషాలు ఇవి: కట్టలోనుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ నేల మిట్టగా ఉండడం, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం. సరిహద్దున ఉంటే దోషమెందుకు? మీరే ఆలోచించండి. నీళ్ళ కోసం వచ్చే తగాదాలు ఈనాటివి కావు!

మరి యుద్ధపు ట్యాంకుకు ఈ పేరు ఎలా వచ్చింది? మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండువారు ముళ్ళ తీగల మీదుగా, కందకాల మీదుగా పోగల ఇనుప బండిని రహస్యంగా తయారుచేశారు. శత్రువుకు తెలియకూడదు గదా! అందుచేత అవి నీళ్ళు మోసే తొట్లని పుకారు పుట్టించి, వాటిని ట్యాంకులని పిలవసాగారు. 1916 సెప్టెంబరు 15న, ఫ్రాన్సులో సోమ్ యుద్ధరంగంలో అవి మొదటిసారి కదిలాయి. రహస్యం బయటపడింది కాని, అబద్ధపు పేరు మాత్రం అట్లాగే నిలిచిపోయింది. తక్కిన ట్యాంకులన్నీ దేన్నో ఒకదాన్ని నిలవ చేసేవే. దేన్నీ నిలవ చేయడానికి కానిది ఇదొక్కటే.

చేతులు లేని బనియనును కూడా ఇంగ్లీషులో "ట్యాంక్ టాప్" అంటారు. ఈతకొలనును ఒకప్పుడు స్విమ్మింగ్ ట్యాంక్ అనేవారు. అందులో ఈదేవారు తొడుక్కునే ఉడుపు నుంచి వచ్చిన పేరు అది.

ఇన్ని అర్థాలలో ఏది సరైనదో తెలియడమెలా? పక్కనున్న మాటలను అడగండి. "గన్", "రెజిమెంట్" పక్కన ఉంటే యుద్ధపు ట్యాంకు. "పెట్రోల్" ఉంటే బండి ట్యాంకు. "స్లూయిస్" అంటే తూము. "ఆయకట్" అంటే మన ఆయకట్టే, ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఇవి కనిపిస్తే చెరువు.

"ట్యాంక్ బెడ్" అన్న మాట మాత్రం బాగా గుర్తుంచుకోండి. బెడ్ అంటే మంచమని మీకు తెలుసు. కాని ఇక్కడ మంచం లేదు. నీళ్ళు నిలిచే చెరువు లోపలి నేల అన్నమాట. భూమి కాగితాలలో ఈ మాట ఉంటుంది. అర్థం తెలియకనో, తెలిసీ లెక్క చేయకనో అక్కడ ఇల్లు కట్టుకుంటే ఏమవుతుంది? కరువు సంవత్సరాలలో ఏమీ కాదు. పెద్ద వాన కురిసిన ఏడు చెరువు తన చోటుకు తాను వస్తుంది. నీళ్ళు ఇంట్లోకి వస్తవి. పోనీ, ఇళ్ళు నిలవాలని చెరువునే పూడ్చితే? వాన నీరు నిలవదు, బావులు ఎండుతవి. అప్పుడు వీధి చివర బిందెలు వరస పెట్టుకుని మరొకదాని కోసం ఎదురు చూడాలి. దాని పేరు ట్యాంకరు. అదీ ట్యాంకులో నుంచి పుట్టిన మాటే!

ఇప్పుడు మీ ఊరి చెరువు దగ్గరికి పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి. కట్ట ఏది, తూము ఏది, అలుగు ఏది, "ట్యాంక్ బెడ్" ఎంతవరకు ఉన్నదో అడిగి తెలుసుకోండి. భాస్కరుడు చెప్పించిన ఆరు దోషాలలో ఏదైనా మీ చెరువుకు ఉన్నదేమో చూడండి.