విత్తని కూరలకు ఒక మడి

గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి, చెంచలి. ఈ కూరలను ఎవరూ విత్తరు. వానలు పడగానే చేలల్లో వాటంతట అవే మొలుస్తాయి. కలుపు తీసే ఆడవాళ్లు ఒడిలో వేసుకుని ఇంటికి తెస్తారు.

ఇప్పుడు చాలా చేలల్లో కలుపు మందు కొడుతున్నారు. కలుపుతో పాటు కూర కూడా చస్తుంది. మందు కొట్టిన చేలో ఆకు తెంపి తినకూడదు. అందుకే పెరట్లో ఒక మడి ఉండాలి.

నాలుగు మూరల చోటు చాలు. ఎండ బాగా తగలాలి. ముందు గడ్డిని, వయ్యారిభామను వేళ్లతో పీకెయ్యాలి. వయ్యారిభామ తగిలితే దురద పెడుతుంది. చేతికి గుడ్డ చుట్టుకోవాలి.

గంగవాయిలి గింజ చాలా సన్నం. తొలకరి పడ్డాక ఇసుకలో కలిపి పైపైన చల్లాలి. లోతుగా పడితే మొలవదు. పొన్నగంటికి గింజ అక్కర్లేదు. కణుపులున్న కాడలు నాటితే వేరు పోస్తాయి. దీనికి తడి కావాలి. నీళ్లు పారే వైపు నాటాలి. తుమ్మి, చెంచలి మొక్కలు ముదిరాక వాటి గింజలు తెచ్చి చల్లాలి.

ఆకు కోసేటప్పుడు మొక్కను పీకకూడదు. కొసలు తుంచితే మళ్లీ చిగురిస్తుంది. నాలుగైదు మొక్కలను గింజకు వదలాలి. ఆ గింజ రాలి మరుసటి వానకు మొలుస్తుంది.

గుర్తు తెలియని ఆకు వండకూడదు. ఊళ్లో పెద్దవాళ్లకు చూపించి అడగాలి. వాళ్లకు తెలిసిన కూరలు ఇంకా ఎన్నో ఉంటాయి.